శ్రమకు అర్థము, నిరీక్షణకు అభ్యాసము

గోరుచుట్టుమీద రోకటిపోటు అను సామెత పుట్టిన దేశమున కష్టములకు కొరత యున్నదని ఎవ్వరును చెప్పరు. వ్యాధి వచ్చిన యింటికే అప్పు వచ్చును. అప్పు వచ్చిన యింటికే బంధువుల పరామర్శతో కూడిన నింద వచ్చును. ఈ మూటి నడుమ నలిగినవాడు రాత్రి నిద్రపట్టక, దైవమా, ఇది నాకే యేల అని అడుగును. ఈ ప్రశ్నకు సమాధానము దొరికినగాని ధైర్యము కలుగదనియు, ధైర్యము కలిగినగాని లేచి నడువజాలననియు అతడు తలపోయును. ఈ యధ్యాయమున చెప్పబూనినది ఆ క్రమమునకు విపర్యయము. క్రైస్తవ విశ్వాసము శ్రమకు కారణము వివరించుటకంటె, శ్రమలోనుండి నడువవలసిన త్రోవను చూపుటయందే హెచ్చు శ్రద్ధ వహించినది. అర్థమును నిరీక్షణయు ఆ త్రోవ నడచినవారికి నడకవలననే చేకూరును.

అపొస్తలుడైన పౌలు రోమా సంఘమునకు వ్రాసిన పత్రికలో, ఐదవ యధ్యాయమున, ఒక వరుసను నిర్దేశించెను: శ్రమనుండి ఓర్పు, ఓర్పునుండి పరీక్షకు నిలిచిన శీలము, ఆ శీలమునుండి నిరీక్షణ. ఈ వరుసలో నిరీక్షణ కడపటిదని మనము గమనింపవలెను. దీనిని వ్రాసినవాడు సుఖాసీనుడైన పండితుడు కాడు. ముప్పదితొమ్మిదేసి కొరడాదెబ్బలు ఐదుమారులు తిన్నవాడు, మూడుమారులు ఓడ పగిలి సముద్రము పాలైనవాడు, దేహమున ముల్లువంటి బాధ తొలగుమని ముమ్మారు వేడుకొనియు అది తొలగకయే జీవించినవాడు. కావున, నాకు ఈనాడు నిరీక్షణ లేదు, అందుచేత నా విశ్వాసము బూటకము అని కుములువారు ఊరట చెందవచ్చును. వారు వరుస తప్పినవారు కారు, వరుసలో ఇంకను మొదటి మెట్టున నున్నవారు మాత్రమే. ఆ మొదటి మెట్టుననుండి చేయదగిన పనులు కొన్ని కలవు.

తీర్పును నిలుపుట

శ్రమ కలిగినప్పుడు మనస్సు చేయు మొదటి పని నేరస్థుని వెదకుట. కొందరు నేరమును దేవునిపై మోపుదురు. పెక్కుమంది తమపైననే మోపుకొందురు. పరామర్శకు వచ్చినవారు ఆ పనికి తోడ్పడుదురు. దశమభాగము సరిగా ఇయ్యలేదేమో యని ఒకరు, చేసిన మ్రొక్కుబడి మరచితివేమో యని ఒకరు, విశ్వాసము చాలకనే రోగము కుదురలేదని మరియొకరు మంచము చుట్టును కూర్చుండి పలుకు మాటలు రోగముకంటె లోతుగా గ్రుచ్చుకొనుట ఎరుగని క్రైస్తవ కుటుంబము మన తెలుగునాట అరుదు. యోబు గ్రంథము ఇట్టి పరామర్శపై మోపబడిన మహాభియోగము. బిడ్డలను, ఆస్తిని, ఆరోగ్యమును కోలుపోయి బూడిదలో కూర్చున్న యోబుతో, పాపము లేనిదే శిక్ష రాదు, ఒప్పుకొనుమని ఎలీఫజు, బిల్దదు, జోఫరు వంతులవారీగా తర్కించిరి. తుదకు దేవుడు సుడిగాలిలోనుండి పలికినప్పుడు, సృష్టిని గూర్చి ప్రశ్నపై ప్రశ్న వేసెనేగాని, 42 అధ్యాయముల ఆ గ్రంథమున యోబు బాధకు కారణమును అతనికి ఎక్కడను విప్పి చెప్పలేదు. అంతటితో నిలువక, తన్ను గూర్చి యుక్తముగా పలికినవాడు తనతో వాదులాడిన యోబేగాని, తన పక్షమున వాదించిన ఆ మిత్రులు కారని తీర్పు చెప్పెను.

యేసు బోధయు ఇట్లే యున్నది. సిలోయములో గోపురము కూలి 18 మంది మరణించిన సంగతిని తానే యెత్తి, వారు తక్కిన యెరూషలేము నివాసులకంటె దోషులని తలంపవలదని ఆయన చెప్పెను. పుట్టుగ్రుడ్డివానిని చూచి, ఇది వీని పాపమా, వీని తల్లిదండ్రుల పాపమా యని శిష్యులు అడిగినప్పుడు, రెండును కాదనెను.

అయినను కారణవిచారణ సర్వదా నిష్ప్రయోజనమని భావింపరాదు. మీ కష్టమును ఒక కాగితముపై మూడు భాగములుగా విభజించి వ్రాసికొనుడు: నా చేతలవలన వచ్చినది, ఇతరుల అన్యాయమువలన వచ్చినది, ఎవరి దోషమును లేకయే వచ్చినది. మొదటిదానికి మందు పశ్చాత్తాపము, దిద్దుబాటు; త్రాగుడువలన చెడిన కాలేయము గూర్చి దైవసంకల్పమును ప్రశ్నించుటకు ముందు సీసాను విడువవలెను. రెండవదానికి మందు న్యాయము. భర్త కొట్టిన దెబ్బలను నీ సిలువ యనుకొని మోయుమని భార్యకు బోధించుట సువార్త కాదు. యేసు సిలువను తానై అంగీకరించెను. కాని అంతకుముందు నజరేతు జనులు తన్ను కొండకొమ్మునుండి పడద్రోయబోగా వారి నడుమనుండి తొలగిపోయెను. యెరూషలేములో సైనికులు కొరడాలతో కొట్టుటకు కట్టివేసినప్పుడు పౌలు తాను రోమా పౌరుడనని చెప్పి చట్టమును ఆశ్రయించెను. తప్పించుకొనదగిన హింసను తప్పించుకొనుట, రక్షకభటులను న్యాయస్థానమును ఆశ్రయించుట విశ్వాసలోపము కానేరదు. మూడవ భాగమున మిగిలినదే యీ యధ్యాయమునకు నిజమైన విషయము: తొలగింపరానిది, తప్పింపరానిది, వివరింపరానిది.

మొఱ్ఱపెట్టుట

దుఃఖమును దాచుకొనుటయే భక్తియని మనలో ఒక భ్రమ కలదు. కన్నబిడ్డను పాతిపెట్టి వచ్చిన తల్లిని సాయంకాలపు కూడికలో నిలువబెట్టి స్తోత్రము చెప్పుమని బలవంతపెట్టువారు, లాజరు సమాధియొద్ద యేసు కన్నీరు విడిచిన సంగతిని చదివియు మరచినవారు. కీర్తనల గ్రంథమునందలి 150 కీర్తనలలో విలాపములు పెద్ద భాగము. వానిలో తుదకు స్తుతిగా మారునవి పెక్కు గలవు గాని, 88వ కీర్తన యే యూరటమాటయు లేక చీకటిలోనే ముగియును. దానిని పరిశుద్ధ గ్రంథమునుండి తొలగింపక తరతరములుగా ఆరాధనలో పాడుకొనిన జనులు, ఊరట దొరకని ప్రార్థనయు ప్రార్థనయే యని అంగీకరించిరి.

విలాపవాక్యములను గ్రంథము ఇందుకు ఉత్తమ నిదర్శనము. క్రీస్తుపూర్వము ఆరవ శతాబ్దమున బబులోనువారు యెరూషలేమును కాల్చి కూల్చిన పిదప వెలువడిన యీ చిన్న గ్రంథమున ఐదు అధ్యాయములు కలవు. మొదటి నాలుగును హెబ్రీ లిపియందలి 22 అక్షరములను వరుసగా అనుసరించి కూర్చబడినవి. మూడవ యధ్యాయమున ఒక్కొక్క అక్షరమునకు మూడేసి చొప్పున 66 వచనములు కలవు. ఊరు తగులబడిన దుఃఖమున కవి అక్షరక్రమమును పాటించుట వింతగా తోచవచ్చును. కాని హద్దులేని శోకమునకు హద్దు నేర్పరచి, మొదటి యక్షరమునుండి కడపటి యక్షరమువరకు ఏడ్చి, ఇక నిలుపుమని తనకు తాను చెప్పుకొను ఉపాయము అందు కలదు. దేవుని కనికరము దినదినమును క్రొత్తదగునను మాట ఆ మూడవ యధ్యాయమునందే, అనగా విలాపము నట్టనడుమ, వచ్చును. తరువాత కవి మరల ఏడ్చును. గ్రంథము సందేహముతోనే ముగియును. శోకము తీరిన పిమ్మటనే నిరీక్షణ వచ్చునని ఎదురుచూడ పనిలేదు. అది శోకము నడుమ ఒక దినమున పొడసూపి, మరునాడు మరుగుపడి, మరల కనబడుచుండును.

మీరును ఇట్లు చేయుడు. దినమున ఒక వేళను నియమించుకొని, ఆ వేళ మీ మొఱ్ఱను వ్రాయుడు. పాదిరిగారి ప్రార్థనాభాషను అనుకరింపక, ఇంటిలో మాటలాడు తెలుగులోనే వ్రాయుడు. కీర్తనకారులు అనుసరించిన వరుస మీకును సరిపడును: దేవుని సంబోధించుట, బాధను దాపరికము లేక చెప్పుట, కావలసినదానిని స్పష్టముగా అడుగుట, పూర్వము పొందిన యొక మేలును జ్ఞప్తికి తెచ్చుకొనుట. నాలుగవది ఏనాడైన తోచనిచో మూటితోనే ముగించి లెండు. నియమించిన వేళ దాటగానే పుస్తకము మూసి, ఇంటిపనిలో ప్రవేశింపుడు.

దేహమును మరువకుండుట

ఆత్మకు కలిగిన కష్టమునకు ఆత్మసంబంధమైన మందే కావలెనని తలంచువారు ఏలీయా కథను చదువవలెను. కర్మెలు పర్వతముపై జయించిన ఆ ప్రవక్త, యెజెబెలు రాణి తన్ను చంపింతునని కబురంపగానే అరణ్యములోనికి ఒక దినప్రయాణము పారిపోయి, బదరీవృక్షము క్రింద కూలబడి, చావు ననుగ్రహింపుమని దేవుని వేడెను. అప్పుడు వచ్చిన దేవదూత అతనిని మందలింపలేదు, ధర్మోపదేశము చేయలేదు. నిప్పులమీద కాలిన అప్పమును, నీటిబుడ్డిని చూపి తినుమనెను. అతడు తిని మరల పండుకొనగా, రెండవమారును లేపి తినుమనెను. హోరేబు పర్వతమున దేవుని స్వరము వినబడుటకు ముందు రెండు భోజనములును రెండు నిద్రలును గడచెను. హిజ్కియా రాజు మరణకరమైన రోగమున ప్రార్థించి స్వస్థత వాగ్దానము పొందిన పిదపను, పుండుమీద అంజూరపుపండ్ల ముద్ద వేయుడని ప్రవక్తయైన యెషయా చెప్పెను. ప్రార్థనకును వైద్యమునకును పరిశుద్ధ గ్రంథమున వైరము లేదు.

కావున శోకదినములలో వేళకు తినుట, వేళకు పండుకొనుట, వైద్యుడు చెప్పిన మందును మానకుండుట విశ్వాసాభ్యాసములో భాగములని యెంచుడు. ఉపవాస ప్రార్థన ఆరోగ్యవంతునికి మేలు చేయవచ్చును గాని, మధుమేహముతో సూదిమందు పుచ్చుకొనువాడు వైద్యుని అడుగక ఉపవసించుట సాహసము. ఏలీయావలె చావు కోరు తలంపు వచ్చినచో దానిని పాపమని దాచుకొనక, ఆ దినముననే దగ్గరివారితో చెప్పుడు. భారత ప్రభుత్వము నడుపు టెలిమానస్ సేవకు 14416 అను సంఖ్యకు ఫోను చేయుడు. మానసిక వైద్యుని చూడుడు. ఏలీయాకు దూత వచ్చినట్లే మీకును ఆ మార్గమున తోడు రావచ్చును.

తోడును అంగీకరించుట

యోబు మిత్రులు తప్పు పలికిరన్నది నిజమే. కాని నోరు తెరచుటకు ముందు వారు ఏడు పగళ్లును ఏడు రాత్రులును అతనితోకూడ నేలమీద మౌనముగా కూర్చుండిరి. వారు చేసిన మేలంతయు ఆ మౌనమునందే యున్నది. గెత్సేమనే తోటలో యేసు ముగ్గురు శిష్యులను వెంటబెట్టుకొని పోయి, తనతోకూడ మెలకువగా నుండుడని అడిగెను. వారు నిద్రించిరి గాని, ఆయన అడుగుటకు సిగ్గుపడలేదు. మాసిదోనియలో కృంగియున్న తన్ను దేవుడు తీతు రాకచేత ఆదరించెనని పౌలు వ్రాసెను. ఆ దినమున దేవుని యాదరణ ఒక మిత్రుని రూపమున ద్వారముకడ నిలిచెను.

తోడు అడుగునప్పుడు, మాకొరకు ప్రార్థింపుడని మాత్రమే చెప్పి యూరకుండక, చిన్న పనిని పేర్కొని అడుగుడు: రేపు ఆసుపత్రికి వెంట రావలెను, బిడ్డలను రెండు గంటలు చూచుకొనవలెను, ఈ వారము నాతో కూర్చుండవలెను, ఏమియు చెప్పనక్కరలేదు. పరామర్శకు పోవువారును ఈ మర్యాదనే పాటింపవలెను. జావ కాచి తీసికొనిపొండు. మందుల చీటి పట్టుకొని దుకాణమునకు పొండు. దేవుని ఉద్దేశమేమో మీకు తెలిసినట్లు మాత్రము మాటలాడకుడు.

చేతికి పని దొరకుట

ఇంతవరకు చెప్పినవి నిలదొక్కుకొనుటకు సాధనములు. శ్రమకు అర్థము చేకూరుట మరియొక మెట్టు. దానిని ఉపదేశముకంటె ఒక జీవితము చక్కగా బోధింపగలదు.

కేరళదేశమున పుట్టి, వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో చదివి వైద్యురాలైన మేరీ వర్గీస్, 1954లో జరిగిన మోటారు ప్రమాదమున వెన్నెముక దెబ్బతిని, నడుము క్రిందుగా చచ్చుబడి, ముఖమునకును గాయములై, యౌవనమునందే చక్రముల కుర్చీకి పరిమితురాలయ్యెను. శస్త్రవైద్యమే జీవితమని కోరుకొనిన స్త్రీకి నిలువబడు శక్తి పోవుట ఎట్టిదో ఊహింపవచ్చును. ఆ కళాశాలయందే కుష్ఠురోగుల చేతులను బాగుచేయు శస్త్రచికిత్సలో మార్గదర్శియైన పాల్ బ్రాండ్ ఉండెను. ఆ రోగము నరములను చంపి స్పర్శను హరించుననియు, నొప్పి తెలియకపోవుటచేతనే రోగి కాలినను కోసికొనినను గమనింపక వ్రేళ్లు పోగొట్టుకొనుననియు లోకమునకు గ్రహింపజేసినవారిలో ఆయన ముఖ్యుడు. చేతి శస్త్రచికిత్స కూర్చుండి చేయదగినది కావున, ఆమె ఆ పనిని చేయవచ్చునని ఆయన ప్రోత్సహించెను. అట్లు తన కాళ్లలో స్పర్శ లేని వైద్యురాలు స్పర్శ లేని చేతులకు పట్టు కలిగించుటకు పూనుకొనెను.

ఆమె అంతటితో ఆగలేదు. ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరమున స్వయముగా జీవించుటకు శిక్షణ పొంది, అటుపిమ్మట న్యూయార్కులో హోవర్డ్ రస్క్ నడిపిన సంస్థయందు పునరావాస వైద్యము నభ్యసించి, వేలూరునకు మరలివచ్చి ఆ విభాగమునకు అధిపతి యయ్యెను. 1966లో అక్కడ వెన్నెముక దెబ్బతిన్నవారు నివసించి శిక్షణ పొందు పునరావాస కేంద్రము ఆరంభమయ్యెను. 1972లో భారత ప్రభుత్వము ఆమెకు పద్మశ్రీ నిచ్చెను. 1986లో మరణించువరకు ఆమె మరల నడువలేదు. ఆ ప్రమాదము మంచిదని చెప్పువాడు క్రూరుడు; ఈ సేవకొరకే దేవుడు ఆమె వెన్ను విరిచెనని చెప్పువాడు యోబు మిత్రులలో చేరును. ప్రమాదమునకు అర్థము లేదు. ఆ ప్రమాదము పిదప ఆమె చేతులు చేసిన పనికి అర్థము కలదు. విశ్వాసి శ్రమకు అర్థము వెదకుట యన ఇదియే.

ఇట్టి పని ఒక్కొక్క వ్యక్తికే గాక జనసమూహమునకును ప్రాణాధారమగునని మన యొంగోలు సీమ చరిత్రయే సాక్ష్యమిచ్చును. 1876 నుండి 1878 వరకు ధాత కరువు దక్షిణదేశమును పీల్చివేసినప్పుడు, అక్కడ పనిచేయుచున్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ, బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకమునకు గుత్త పుచ్చుకొని, ఆకలిగొన్న వేలమందికి పని కల్పించెను. వారిలో పెక్కుమంది సమాజము అంటరానివారని వెలివేసిన మాదిగలు. తెలుగు బోధకులే పనివారిపై మేస్త్రీలై, పగలు త్రవ్వించుచు, విరామవేళ ప్రయాసపడి భారము మోయువారిని యేసు పిలిచిన పిలుపును వినిపించుచుండిరి. కాని కూలికొరకు మతము పుచ్చుకొందురేమో యను శంకచేత, కరువు సహాయము సాగినన్నాళ్లు క్లౌ ఎవరికిని బాప్తిస్మ మిచ్చుటకు ఒప్పుకొనలేదు. ఆ సహాయము నిలిచిన పిదపనే, 1878 జులై 3వ తేదీన, గుండ్లకమ్మ యొడ్డున వెల్లంపల్లియొద్ద ఒక్కదినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. బాధితునికి చేయు సహాయమును విశ్వాసమునకు వెలగా కట్టరాదనియు, భిక్షకంటె కూలి గౌరవప్రదమనియు ఈ చరిత్ర తెలుపుచున్నది.

మీ చేతికి అంత గొప్ప పని దొరకనక్కరలేదు. డయాలిసిస్ మంచముమీద వారమునకు మూడుమారులు పండుకొనువాడు, ప్రక్కమంచమున క్రొత్తగా వచ్చి బెదరుచున్నవానికి మొదటిదినము ఎట్లుండునో చెప్పవచ్చును. భర్తను కోల్పోయి పింఛను కాగితములకై కార్యాలయములు తిరిగి నేర్చుకొనిన స్త్రీ, రేపు అదే దుఃఖము పొందిన పొరుగింటామెకు త్రోవ చూపవచ్చును. మీ గాయము మీకు నేర్పినదానిని, ఆ గాయమే తగిలిన మరియొకనికి అందించుటకు వారమున ఒక గంట కేటాయింపుడు. అయితే గాయము పచ్చిగా నున్నప్పుడే పరోపకారమునకు పరుగెత్తవలదు. కూర్చుండుట నేర్చిన పిదపనే మేరీ వర్గీస్ కత్తి పట్టెను.

కడపటి మెట్టు

ఇక నిరీక్షణ. అది రోగము తప్పక కుదురునను ధీమా కాదు, కుదురవచ్చును, కుదురకపోవచ్చును. దేవుడు కడపటి మాట మరణమునకు విడువలేదని, సిలువ వేయబడినవాడు లేచెనని నమ్మి, ఆ నమ్మకమునకు తగినట్లు నేటి పనిని చేయుటయే క్రైస్తవుని నిరీక్షణ. లేచినవాడు తోమాకు తన చేతుల గాయములను చూపెనని యోహాను వ్రాసెను. పునరుత్థానము గాయములను చెరిపివేయలేదు. కావున నిరీక్షణగలవాడు జరిగినదానిని మరచినట్లు నటింపనక్కరలేదు. ఏటేట ఆ తేదీ వచ్చినప్పుడు కన్నీరు పెట్టుకొనవచ్చును.

శుక్రవారమునకును ఆదివారమునకును నడుమ నొక శనివారము కలదు. ఆ దినమును గూర్చి సువార్తలు మిక్కిలి కొద్దిగా చెప్పుచున్నవి. గలిలయనుండి వచ్చిన స్త్రీలు సుగంధద్రవ్యములను సిద్ధపరచి, ఆజ్ఞచొప్పున విశ్రాంతిదినమున తీరికగా నుండిరని లూకా తెలిపెను. వారు పునరుత్థానమును ఎదురుచూచినవారు కారు. మృతదేహమునకు పూయుటకే ఆ ద్రవ్యములు. నిరీక్షణ లేకయే వారు తమ చేతనైన పనిని చేసిరి, వేళకు విశ్రమించిరి, తెల్లవారుజామున లేచి నడచిరి. సమాధి శూన్యమను వార్త లోకమున అందరికంటె ముందు వారికే తెలిసెను. పౌలు చెప్పిన వరుస యిచ్చట కంటికి కనబడుచున్నది.

మీరీనాడు శనివారమున నున్నవారైతే, మీ మనస్సున నిరీక్షణ కలుగువరకు వేచియుండకుడు. ఈ రాత్రి భోజనము చేయుడు. మీ మొఱ్ఱను వ్రాసి ముగింపుడు. ఒకరిని తోడు పిలువుడు. రేపటికి చేతనైన యొక్క పనిని ఎన్నుకొని పండుకొనుడు. తెల్లవారిన పిదప లేచి ఆ పనిని చేయుడు. ఓర్పు మీ వంతు. నిరీక్షణను కలిగించుట దేవుని వంతు.